మేనమామ చీరా, మామ ఇంగ్లీషూ

పొద్దున ఆరు కాకముందే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజీ పడుతుంది. పుంగనూరులో ఉండే మా మామ పంపేది. ఆయన మా నాన్నకు బావ, అంటే మా మేనత్త భర్త. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాడు గానీ చెప్పడం మాత్రం మానలేదు. రోజుకొక ఇంగ్లీషు మాట, దాని పుట్టుపూర్వోత్తరాలు. కింద బంధువులందరూ వరుసగా దండాల బొమ్మలు పెడతారు. వాళ్లలో ఒక్కరూ అది చదవరని నాకు తెలుసు. నేను చదువుతాను. ఇష్టమై కాదు, కడుపుమంట. ఈరోజు మాట పింక్. అది చూశాక, కుట్టుమిషను ముందు కూర్చోబోయినదాన్ని లేచి వెళ్లి చన్నీళ్లతో మొహం కడుక్కుని వచ్చాను. అంత కోపంతో జాకెట్టు కుట్టడం కుదరదు మరి.

ఆయన రాసింది తప్పని అనను. నా బాధంతా అదే, ఆయన రాసినదాంట్లో తప్పు పట్టడానికి ఎప్పుడూ ఏమీ దొరకదు. పింక్ అంటే మనమంతా రంగు అనుకుంటాం కదా, కాదట, ముందు అది ఒక పువ్వు పేరట. రేకుల అంచులు రంపంతో కోసినట్టు పళ్లు పళ్లుగా ఉండే పువ్వు. దాని పేరే పోయి పోయి రంగుకు పడిందట. అంతకుముందు అదే మాటతో పసుప్పచ్చటి రంగునొకదాన్ని కూడా పిలిచేవాళ్లట, అదేం తిక్కో ఆ దేశంవాళ్లకే తెలియాలి. గుడ్డ అంచును పళ్లుగా కత్తిరించే పనిని పింకు చేయడం అనేవాళ్లు కాబట్టి పువ్వుకు ఆ పేరొచ్చిందని కొందరి వాదనట. కాదు, డచ్చివాళ్ల భాషలో సగం మూసిన చిన్న కన్నుకు ఆ పేరుంది, దాన్నుంచి వచ్చిందని ఇంకొందరట. కత్తితో పొడిస్తే పింకు చేశాడంటారట. నిండు ఆరోగ్యంతో ఉన్నవాణ్ణి పింకులో ఉన్నాడంటారట. చిటికెన వేలు పింకీ అట. నా మిషను పక్కన మేకుకు వేలాడే జిగ్‌జాగ్ కత్తెరకు కూడా ఇంగ్లీషులో ఆ మాటతోనే పేరట. ఇరవై ఏళ్లుగా ఆ కత్తెరతో పోగులు లేవకుండా గుడ్డలు కత్తిరిస్తున్నాను, దాని పేరు తెలియక ఒక్క జాకెట్టూ చెడిపోలేదు.

మాది మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె. పట్టు మగ్గాల చప్పుడు లేని ఇల్లు ఆ వీధిలో అరుదు. మా నాన్న మూడో తరగతితో బడి మానేసి మగ్గం గుంటలో కాళ్లు పెట్టాడు, డెబ్భై దాటేదాకా తియ్యలేదు. మామ వచ్చినప్పుడల్లా ఆ గుంట ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. నాన్న కింద, ఆయన పైన. నేసేవాడి చెయ్యి ఆగకూడదు కాబట్టి నాన్న తల దించుకుని ఉంటే, దాన్ని ఆయన వినయమనుకునేవాడు. నా చిన్నప్పుడు వచ్చిన ప్రతిసారీ నన్ను పిలిచి స్పెల్లింగులు అడిగేవాడు. నేను తప్పు చెబితే నాన్న వైపు చూసి నవ్వేవాడు. తప్పు నాది, నవ్వు నాన్న మీదికి. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మా అత్త మంచిది. ఆమె కోసమే నాన్న అన్నీ దిగమింగాడు.

ఆరేళ్ల కిందట మామ కూతురికి, అంటే మా మరదలికి, కుప్పం దగ్గర శాంతిపురం సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు వాళ్లు పెద్ద పెద్ద పాలిథిన్ షెడ్లు కట్టి కార్నేషన్ పూలు పండించి బెంగుళూరుకు తోలుతారు. అది పింక్ అనే పువ్వు జాతిలోదే. ఇంకేం, మామకు పండగ. కాబోయే అల్లుడి తోటలోని పువ్వు రంగులోనే పెళ్లిచీర ఉండాలని తీర్మానించాడు. ముహూర్తానికి కట్టుకునేది మేనమామ పెట్టే చీర, మేనమామ అంటే మా నాన్న. ఊరందరి పెళ్లిళ్లకూ నేసిన మనిషి నా పెళ్లికి మాత్రం నెయ్యలేకపోయాడు. ఆ నెలంతా మగ్గం మీద షావుకారుకు నేసివ్వాల్సిన పడుగు ఉండింది. మరదలి పెళ్లి నాటికి ఆయనకు ఒక కంటికి ఆపరేషనయింది, రెండో కన్ను మసక. ఇదే ఆఖరి చీర అని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మేనకోడలు తన చేత్తో నేసిన చీర కట్టుకుని పీటల మీద కూర్చోవాలి, అంతే, ఆయన ఇంకేమీ కోరలేదు.

మా నాన్నకొక నియమం ఉండేది. ఫోనులో చూపించిన రంగును ఆయన నమ్మడు. ఒకే ఫోటో మూడు ఫోన్లలో మూడు రంగులుగా కనబడుతుందని ఆయన ఫిర్యాదు, అది నిజమే. రంగు కావాలంటే పాత జాకెట్టు ముక్కో, దారప్పోగో, ఏదో ఒక వస్తువు చేతికివ్వాలి. దాన్ని తీసుకుపోయి రంగులద్దే అతని పొయ్యి పక్కన కూర్చుని, తడి పట్టును ఎండకు పట్టి, వస్తువు పక్కన పెట్టి సరిచూసేవాడు. ఈసారి వస్తువు పువ్వే. మామ ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పుంగనూరు బస్సులో పంపాడు, నేను బస్టాండుకు పోయి తెచ్చాను. మూత తీస్తే పువ్వు ముద్దగా, తడితడిగా, ముదురు ఊదా తిరిగి ఉంది. నేను ఫోనులో వెతికి ఆ జాతి పువ్వు బొమ్మ చూపించాను, లేత రంగులో ఎంత బాగుందో. నాన్న ఫోను పక్కకు నెట్టేశాడు. అయినా అనుమానం తీరక మామకు ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టింది నేనే, కాబట్టి ప్రతి మాటా విన్నాను.

"బావా, పువ్వు వాడిపోయినట్టుండాది. రంగు ఇదేనా, లేకుంటే ఇంకా లేతగా ఉంటాదా?"

"పింక్ అంటే రంగనుకుంటాండావా అప్పా? కాదు. ముందు పువ్వు, ఆ ఎనకాల రంగు. రంగు పేరంతా ఆ పువ్వు పెట్టిన బిచ్చం. పువ్వు నీ చేతిలో పెట్టినాను కదా, ఇంకా నన్ను అడిగేదేంది? దాన్ని సూసి నెయ్యి."

ఆ తర్వాత డచ్చివాళ్ల కన్నూ, కత్తిపోటూ, చిటికెన వేలూ అన్నీ వచ్చాయి. అరగంట. నాన్న మళ్లీ అడగబోయాడు రెండుసార్లు, సందు దొరకలేదు. ఫోన్ పెట్టేశాక డబ్బాలోకి చూస్తూ, "పెండ్లిబిడ్డకు ఇంత ముదురా" అన్నాడు. అయినా చేతికిచ్చిన వస్తువే ఆయనకు లెక్క. రంగులతను కూడా గొణిగాడు. మూడుసార్లు ముంచి, ఆ చచ్చిన పువ్వుకు సరిగ్గా సరిపోయే రంగు తీశారు. దాన్ని ఇరవైనాలుగు రోజులు నేశాడు నాన్న. జరీ అంచు పట్టుకుని చూస్తే ఒక్క పోగు తేడా లేదు. మసక కన్నుతో అంత పని ఎలా చేశాడో నాకిప్పటికీ అర్థం కాదు. ఆ ఇరవైనాలుగు రోజుల్లో ఒక్కరోజయినా నేను గట్టిగా పట్టుబట్టి ఉండాల్సింది, లేదా మరదలికే నేరుగా ఫోన్ చేసి ఉండాల్సింది. జాకెట్ల సీజను, పని మీద పడి వదిలేశాను.

పెళ్లి కుప్పంలో. ముందురోజు సాయంత్రం మండపంలో ఆడవాళ్లంతా కూర్చుని ఉండగా నాన్న పళ్లెంలో పసుపు, కుంకుమ, తమలపాకులతో చీర పెట్టి తెచ్చాడు. మామే మడత విప్పాడు. రెండు చేతులతో ఎత్తి లైటు కిందికి పట్టి, శాంతిపురం వాళ్లందరికీ కనబడేలా అటూ ఇటూ తిప్పాడు. నేరేడుపండు మరక రంగు. "దీన్ని పింక్ అంటారా ఎవురన్నా? మా బామ్మర్దికి పువ్వు పంపించినా, అరగంట పాఠం చెప్పినా. ఏం జేస్తాం, మూడో క్లాసు" అని నవ్వాడు. కొందరు కూడా నవ్వారు. తర్వాత గదిలోకి పోయి బెంగుళూరు షాపు సంచీ ఒకటి పట్టుకొచ్చాడు. అందులో లేత గులాబీ రంగు పట్టుచీర, ఫాల్ కుట్టించి, జాకెట్టుతో సహా సిద్ధం. ఎప్పుడో కొనిపెట్టుకున్నాడు. నాన్న నేసేది ఎలాగూ పనికిరాదని మొదటి నుంచీ ఆయన నమ్మకం. మరదలు తల వంచుకుని ఆ సంచీ అందుకుంది.

వంటగదిలో నీళ్లు తాగుతుంటే మా అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుని నా పక్కకు వచ్చింది. "నాలుగు దినాలు ఆ పువ్వును ఫ్రిజ్‌లో, ఐసుగడ్డలు పెట్టే దాంట్లో పెట్టినాడమ్మా, సెడిపోకూడదని. ఇంటికొచ్చినోళ్లకంతా తీసి సూపించేది, పాఠం చెప్పేది, మళ్లా పెట్టేది. నేనొద్దంటే నీకేం తెలుసునన్నాడు" అంది. గడ్డకట్టి కరిగిన పువ్వు ముద్దయి రంగు ముదరకుండా ఎలా ఉంటుంది? అప్పుడే మండపం మధ్యలోకి పోయి మైకులో చెప్పేయాలనిపించింది. గడపలో నాన్న అడ్డంగా నిలబడి ఉన్నాడు. అత్త మాట ఆయన చెవిన కూడా పడింది. "పెండ్లి జరగతాండాది. బిడ్డ ముందర వొద్దమ్మా" అన్నాడు. వద్దన్నాడు కాబట్టి ఊరుకున్నాను. ఇన్నేళ్లుగా నన్ను నేను తిట్టుకుంటున్నది దానికే. ఆయన మాట వినకుండా ఉండాల్సిన రోజు ఒక్కటే వచ్చింది నాకు, ఆ రోజే బుద్ధిమంతురాలినయ్యాను.

ఆ తర్వాత నాన్న మగ్గంలో కూర్చోలేదు. చీరను తెల్ల పంచెలో చుట్టి బీరువాలో పెట్టాడు. పట్టును ఒకే మడతలో ఉంచితే జరీ విరిగిపోతుంది, అందుకని నెలకొకసారి తీసి మడతలు మార్చేవాడు. మార్చిన ప్రతిసారీ మామూలుగా అడిగినట్టే అడిగేవాడు, "పాప ఫోన్ ఏమన్నా చేసిందా?" అని. మరదలిని ఆయన పాప అనేవాడు. చేయలేదని నేను చెప్పేదాన్ని. అత్త వచ్చి ఏడ్చి పోయేది. మామ మాత్రం రాలేదు. రెండేళ్ల కిందట నాన్న పోయినప్పుడు వచ్చాడు, వచ్చి పది మందిలో మరణానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో చెప్పాడు. నేను లేచి పెరట్లోకి పోయాను.

పోయిన నెల మరదలు శాంతిపురం నుంచి బిడ్డను చంకనేసుకుని వచ్చింది. మిషను పక్కన స్టూలు మీద కూర్చుని బిడ్డను ఒళ్లో సర్దుకుంది. "వదినా, మామ నేసిన చీర ఇస్తావా? బిడ్డకు పుట్టెంటికలు తీయిస్తాండాము, కట్టుకుంటా" అంది.

"ఆ పొద్దు యాల కట్టుకోలేదు?"

"మా నాయన ముందర నాకు నోరు లేస్తాదా, వదినా? నీకు తెలీదా?"

తెలుసు. ఆ మండపంలో నాకూ నోరు లేవలేదు, ఆమె మీది కోపంలో సగం నా మీదిదే. ఆమె కళ్లల్లో నీళ్లు కూడా నిజమైనవే. అయినా, "ఇయ్యను" అన్నాను. మంచి పని చేశానని చెప్పను, కానీ రేపు మళ్లీ వచ్చి అడిగినా అదే మాట అంటాను. కాఫీ ఇచ్చాను. తాగింది, బిడ్డను ఎత్తుకుని బస్టాండుకు నడిచింది. నేను తలుపు దగ్గర నిలబడి ఆమె మలుపు తిరిగేదాకా చూశాను. ఆ చీర కావాలని అడగడానికి మా మరదలికి ఆరేళ్లు పట్టింది. ఆ ఒక్క మాట కోసం ఎదురుచూసిన మనిషికి కాలం నాలుగేళ్లే ఇచ్చింది.