పర్మిట్ రూం వైపు చూపిన చెయ్యి

తాగుడు మానాలనుకునేవాళ్ళ మీటింగు నిజామాబాద్‌లో ఉందని విని ఎడపల్లి నుంచి వచ్చాను. పాన్ డబ్బా అతన్ని దారి అడిగాను.

"తాగుబోతుల మీటింగా అన్నా? గా వైన్స్ పక్కన పర్మిట్ రూంల రోజూ అయితది, పో" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నేను మరవను. నిజానికి కాళ్ళు అటే లాగాయి.

ఎండలో తిరిగి తిరిగి, ఒక బడి వెనక ఆ గది కనుక్కున్నాను. అక్కడ ఒక్కొక్కరు తమ తాగుడు గురించి చెప్పుకుంటున్నారు. నా వంతు రాగానే తాగుడు సంగతి వదిలి, పాన్ డబ్బా అతని మీద ఫిర్యాదు చెప్పాను.

పక్కనున్న ముసలాయన, "నన్ను గూడ గాడికే తోలిండు బిడ్డా. నేను పోయిన. ఈడికొచ్చేసరికి ఇంకో ఏడాది వట్టింది" అన్నాడు.

ఇప్పుడు ఆయన తరఫు కోపం కూడా నేనే మోస్తూ ప్రతి ఆదివారం మీటింగుకు వెళ్తున్నాను.