చాంద్ పర్మిట్టూ, నా రెండు చేతులూ

ఒక దున్నపోతుకు నేను చేసిన మేలు వల్ల ఒక లారీ, ఒక చెక్‌పోస్టు, ఒక డాక్టరమ్మ మధ్యాహ్న భోజనం, మా గల్లీ పండుగ అన్నీ ఒకేసారి ఆపదలో పడ్డాయి. ఆ దున్నపోతు నన్ను ఎప్పుడో క్షమించింది. గల్లీ ఇంకా ఆలోచిస్తోంది.

ముందుగా నా గొప్పతనం చెప్పాలి. లేకపోతే నేను ఎంత ఎత్తు నుంచి పడ్డానో మీకు అర్థం కాదు. హైదరాబాద్‌లో నయాపూల్ దగ్గర, కోర్టుకు పోయే దారిలో, ఫారాలు నింపే ఒక చిన్న దుకాణంలో పని చేస్తాను. ఆధార్‌లో పేరు తప్పుగా పడ్డవాళ్లు, పాస్‌పోర్టు కావలసినవాళ్లు, పుట్టిన తేదీ పోగొట్టుకున్నవాళ్లు నా ముందు స్టూలు మీద కూర్చుని "అన్నా, జర చూడు" అంటారు. నేను ఆపరేషన్ థియేటర్‌లోంచి బయటికొచ్చిన డాక్టరులా ఒక్క నిట్టూర్పు విడిచి, "ఫొటోల గడ్డమున్నది, నీ మొకానికి లేదు. గడ్డమన్న పెంచుకొని రా, ఫొటో అన్న మార్చుకొని రా" అని తీర్పు చెప్పేవాణ్ని. ఈ మాట మీరు గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

ఇక మల్లేశ్ మామ. మా అమ్మకు తమ్ముడు. పాతబస్తీ జహనుమాలో పాల డైరీ నడుపుతాడు. మామకు లోకంలో ఇష్టమైనవి రెండే. ఒకటి, వారం వారం రంగు వేసి నిగనిగలాడించే తన మీసం. రెండోది, చాంద్ అనే దున్నపోతు. ఒళ్లంతా కాటుక నలుపు, నుదుట మాత్రం పూరీ అంత తెల్ల మచ్చ. అందుకే దానికి చాంద్, అంటే చందమామ, అని పేరు. అది పుట్టగానే తల్లి చనిపోతే మామ సీసాతో పాలు పట్టి పెంచాడు. అప్పటి నుంచి అది మామ కనబడగానే ఎడమ చెంప నాకుతుంది. "నీ మామకు ఎడమ దిక్కు సబ్బు ఖర్చు లేదు" అంటుంది మా అత్త.

ఆ ఏడాది చాంద్‌ను నాగ్‌పూర్ అవతల డైరీ ఉన్న మా చుట్టం రామన్న తీసుకెళ్లాడు, తన బర్రెలకు పెళ్లికొడుకుగా. వెళ్లినవాడు అత్తారింట్లో ఉండిపోయినట్టే ఉండిపోయాడు. ఇటు దీపావళి దగ్గర పడింది. దీపావళి అయిందంటే మా యాదవుల సదర్, దున్నపోతులను ముస్తాబు చేసి డప్పులతో ఊరేగించే పండుగ. ఈసారి గల్లీలో ముందు నడిచేది చాందేనని మామ అందరికీ మాటిచ్చాడు. గల్లీ మొదట్లో ఫ్లెక్సీ కూడా కట్టించాడు. అందులో చాంద్ నుదుటి మచ్చ నిజం చందమామకంటే పెద్దగా ఉంది.

తీసుకురావడానికి తనే పోదామంటే మామకు నడుం నొప్పి. మంచం మీద నుంచే నన్ను పిలిచాడు.

"శీనుగా, నువ్వే పోవాలె. రాష్ట్రం దాటాలంటే కాగితాలు కావాల్నట. గా లొల్లి నీకే తెలుసు."

"ఫికర్ చెయ్యకు మామా. నేను రాయించిన కాగితాన్ని ఆపెటోడు ఇంకా పుట్టలే."

"పండుగ నాటికి చాంద్ రాకపోతే నేను గల్లీల తలెత్తుకొని తిరుగలేను బిడ్డా."

ఈ మాట అన్నప్పుడు మామ నవ్వలేదు. నాకూ గుండెలో ఎక్కడో తగిలింది. మామ కోసం ఏదైనా చెయ్యాలనిపించింది. అసలు ప్రమాదమంతా అక్కడే మొదలైంది. నన్ను ఊరికే చెప్పిన పని చెయ్యనిస్తే ఏమీ కాదు, నాకు ప్రేమ పుట్టుకొస్తేనే కష్టం.

సంగతేమిటంటే, అంతకుముందు ఏడాది సదర్‌లో పక్క గల్లీ యాదగిరి చాంద్‌ను చూసి, "ఏంది మల్లేశన్నా, మీ దున్న నుదుట సున్నం పడ్డదా" అన్నాడు. మామ నవ్వేసి మీసం దువ్వుకున్నాడు. నాకు మాత్రం ఆ మాట ముల్లులా ఉండిపోయింది. ఈసారి చాంద్ అణువంత తెలుపు కూడా లేకుండా లారీ దిగాలని, యాదగిరి నోరు మూతపడాలని, మామ నన్ను కౌగిలించుకోవాలని నిర్ణయించుకున్నాను. స్నానాల గది అల్మారాలో మామ మీసాల రంగు పాకెట్టు ఉంది. ఎవరూ చూడకుండా దాన్ని సంచీలో వేసుకున్నాను. మామ మీసానికి పనికొచ్చింది మామ దున్నపోతుకు పనికిరాదా?

డ్రైవర్ ఖాజా భాయ్, నేను రామన్న ఊరు చేరాం. ప్రయాణం సర్టిఫికెట్ కోసం అక్కడి పశువుల డాక్టరును పిలిపించాం. ఈ దేశంలో మనిషి సంచీ భుజానేసుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి పోతే అడిగేవాడు లేడు. దున్నపోతుకు మాత్రం ఆరోగ్యం, వయసు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎవరిది, ఎందుకు, అన్నీ చెప్పాలి. చాంద్‌కు ఇంకో చిక్కు కూడా వచ్చింది. గుర్తింపు కోసం చెవికి వేసే పసుపుపచ్చ ట్యాగు కంచెకు తగిలి ఊడిపోయింది. కొత్తది రావాలంటే సదర్ దాటిపోతుంది.

డాక్టరు ట్యాగు పోయిందని రాసి, ఒంటి మీది గుర్తులు రాస్తానన్నాడు. నేను ఆయన భుజం మీదుగా తొంగి చూశాను. కొమ్ములు, రంగు, తోక అని రాసి ఊరుకున్నాడు. నా వృత్తికి అవమానం అనిపించింది.

"సార్, అసలు గుర్తు నుదుటి మీద తెల్ల మచ్చ. అది రాయాలి సార్. గుండ్రంగా ఉందని కూడా రాయండి," అని నా హిందీలో పట్టుబట్టాను.

ఆయన రాశాడు. కింద గీత కూడా గీయించాను. అవును, గీత నేనే గీయించాను.

మరునాడు పొద్దున్న, లారీ ఎక్కించే ముందు, రామన్న పాలు పోయడానికి వెళ్లిన సమయం చూసి, రంగు కలిపి చాంద్ నుదుటికి పట్టించాను. పాకెట్టులో వచ్చిన చేతి తొడుగులు వేసుకోబోతే చిరిగిపోయాయి. ఉత్త చేతులతోనే పని కానిచ్చాను. చాంద్ కదలలేదు. కళ్లు మూసుకుని, నేనేదో మంచే చేస్తున్నానన్న నమ్మకంతో నిలబడింది. కాసేపటికి మచ్చ మాయమైంది. నా చేతులు మణికట్టుదాకా నల్లబడ్డాయి. సబ్బుతో, నిమ్మకాయతో, ఇటుకపొడితో తోమినా పోలేదు. మంచి రంగే, మామ తక్కువ రకం కొనడు.

ఖాజా భాయ్ చాంద్‌ను చూసి, నన్ను చూసి, మళ్లీ చాంద్‌ను చూశాడు.

"శీను భాయ్, చాంద్ కహాఁ గయా? ఏడికి పోయిండు?"

"ఇదే చాంద్ భాయ్. జర తయారైండు."

దారిలో మామ ఫోన్ చేశాడు. మామూలుగా వీడియో కాల్ చేసి చాంద్‌ను చూపించమని ప్రాణం తీస్తాడు. ఆ ప్రయాణంలో మాత్రం ఒట్టి మాటలే. "మంచిగున్నడా? నీళ్లు తాగిండా?" అని అడిగి పెట్టేసేవాడు. నా సర్‌ప్రైజ్ చెడకుండా దేవుడే కాపాడుతున్నాడనుకున్నాను.

సరిహద్దు చెక్‌పోస్టులో లారీ ఆపారు. నేను చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని దిగాను. కాగితం ఖాజా భాయే అందించాడు. చెక్‌పోస్టు సారు కాగితం చదివి, లారీ వెనక్కి వెళ్లి చూసి వచ్చాడు.

"నుదుట తెల్ల మచ్చ అని రాసిండ్రు. కింద గీత గూడ గీసిండ్రు. మచ్చ ఏది?"

"ఉన్నది సార్. లోపట ఉన్నది."

"లోపట అంటే? కడుపులనా?"

"ఎండకు జర నల్లబడ్డది సార్."

"మచ్చలు ఎండకు నల్లబడేటివైతే మా ఊళ్లె కొంగలన్ని ఈపాటికి కాకులైతుండె."

ఖాజా భాయ్ దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

"చూడు తమ్మీ, కాగితం ఒక దున్నది, లారీల ఉన్నది ఇంకో దున్న. చెవికి ట్యాగు లేదు. దీన్ని ఏడికెళ్లి పట్కొస్తున్నవో నాకెర్కలేదు. దింపి షెడ్డుల కట్టేస్తం. ఓనరు రుజువులు పట్టుకొని వస్తే అప్పుడు చూద్దాం."

"సార్, రేపు సదర్ సార్. మా మామ..."

"ముందుగాల చేతులు జేబులకెళ్లి తీసి మాట్లాడు."

"చలి పెడుతుంది సార్."

మిట్టమధ్యాహ్నం. సారు నుదుటి మీద చెమట కారుతోంది. ఆయన ఒక కాగితం, పెన్ను నా ముందు పెట్టాడు.

"దున్నను అప్పగిస్తున్న అని సంతకం పెట్టు."

సంతకం పెట్టాలన్నా చేతులు బయటికి తియ్యాలి. ఫ్లెక్సీ గుర్తొచ్చింది, మంచం మీద మామ గుర్తొచ్చాడు. వెనక నుంచి చాంద్ ఒకసారి గట్టిగా అరిచింది, అదీ నాకోసమేనేమో అనిపించింది.

"దిఖా దో మియా," అన్నాడు ఖాజా భాయ్ మెల్లగా. "దాచి ఏం జేస్తవ్?"

చేతులు తీసి బల్ల మీద పెట్టాను. సారు నా చేతులను చూశాడు. లేచి నన్ను లారీ దగ్గరికి తీసుకెళ్లి, నా అరచెయ్యి చాంద్ నుదుటి పక్కన పెట్టించి చూశాడు. టీ కొట్టువాడు కూడా స్టవ్వు ఆర్పి వచ్చి చూశాడు.

"ఎందుకేసినవ్?"

"అందంగ ఉంటదని సార్."

"అది అడిగిందా?"

"లేదు సార్."

"ఏం పని చేస్తవ్?"

ఈ ప్రశ్న రాకూడదని మొక్కుకుంటున్నాను. వచ్చింది.

"ఫారాలు నింపుత సార్. ఫొటో, మనిషి కలుస్తున్నరా లేదా చూస్త."

చెక్‌పోస్టు మొత్తం నవ్వింది. లైనులో ఆగి ఉన్న ఉల్లిగడ్డల లారీ డ్రైవర్‌కు కారణం తెలియకపోయినా నవ్వాడు.

దగ్గరి ఊరి నుంచి పశువుల డాక్టరమ్మను పిలిపించారు. అన్నం మధ్యలో లేచి వచ్చింది. చాంద్ నుదుటి వెంట్రుకలు వేళ్లతో పాయలు తీసి, "వెంట్రుకల మొదట్ల రంగు అంటలే, తెల్లగనే ఉన్నది. కింద తోలు గూడ తెల్లదే. మచ్చ నిజమే," అంది. నా ప్రాణం లేచొచ్చింది. వెంటనే నా వైపు తిరిగింది.

"కండ్లల్ల పడితే ఏమైతుండె? నోరు లేని జీవి, నిన్ను నమ్మి నిలబడ్డది."

అప్పటిదాకా భయపడ్డాను గానీ, నిజంగా సిగ్గుపడింది అప్పుడే.

డాక్టరమ్మ కొత్త సర్టిఫికెట్ రాసిచ్చింది. అందులోని వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: "నుదుట గుండ్రటి తెల్ల మచ్చ కలదు. ప్రస్తుతం జుట్టు రంగు వల్ల నల్లగా ఉన్నది. వెంట వచ్చిన వ్యక్తి రెండు చేతులకూ అదే రంగు ఉన్నది."

సారు ముద్ర కొట్టి నా చేతికిచ్చాడు.

"హైదరాబాద్ చేరెదాక చేతులు కడుగకు. దారిల ఎవ్వలాపినా కాగితంతోని చేతులు గూడ చూపియ్యాలె. నువ్వు గూడ గిప్పుడు పర్మిట్టుల భాగమే."

ఆ తర్వాత ప్రయాణమంతా అంతే. ఎవరైనా లారీ ఆపితే ఖాజా భాయ్ కాగితం తీసి, "శీను భాయ్, హాథ్," అనేవాడు. నేను కిటికీలోంచి రెండు చేతులూ పైకెత్తేవాణ్ని. మమ్మల్ని దాటిపోయే బస్సుల్లో జనం నేను ఎవరికో లొంగిపోతున్నాననుకున్నారు. దాబాలో చెంచాతో తింటుంటే సర్వర్ వచ్చి, "దెబ్బ తగిలిందా సార్?" అని జాలిపడ్డాడు. తగిలిందన్నాను. అబద్ధం కాదు.

సదర్ నాటి మధ్యాహ్నం గల్లీలోకి వచ్చాం. డప్పులు సిద్ధంగా ఉన్నాయి. లారీ ఆగగానే మామ కోసం వెతికాను, కనబడలేదు. ఎవరో తెల్ల మీసాల ముసలాయన కర్ర పట్టుకుని లారీ వైపు గబగబా వస్తున్నాడు. దగ్గరికొచ్చాక గుర్తుపట్టాను.

"మామా, మీసం ఏంది గిట్లయింది?"

"నా మీసం సంగతి తర్వాత. నా చాంద్ ఏడి? ఎవని దున్నను పట్కొచ్చినవ్ రా?"

అత్త వెనక నుంచి అందుకుంది. "అల్మారల ఉన్న పాకెట్టు మాయమైంది. మొదళ్లు తెల్లగయినయని నల్ల కొసలన్ని కత్తిరించుకున్నడు. వేరే రంగు పెడితే ఈయన మూతి వాస్తది. గా మొకం చూపియ్యలేక వీడియో కాల్ బంద్ చేసిండు." అని నా చేతులు చూసి ఆగిపోయింది. మామ కూడా చూశాడు. గల్లీ అంతా చూసింది.

ఒక్క పాకెట్టుతో ఇద్దరి గుర్తులు మార్చేశాను. మామకు చాంద్ తెలియలేదు, చాంద్‌కు మామ తెలియలేదు. లారీకి ఆనించిన చెక్క మీదుగా దిగి, అది కొత్తవాళ్లను చూసినట్టు బెరుకుగా నిలబడింది. మామ కర్ర పక్కన పెట్టి, "చాంద్... నేనే రా," అన్నాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది.

చాంద్ చెవులు కదిలించింది. ముందుకొచ్చి ఆ తెల్ల మీసం వాసన చూసింది. తర్వాత మామ ఎడమ చెంప మీద పొడవాటి నాలుకతో కింది నుంచి పైదాకా ఒక్కసారి నాకింది.

"వీడే," అన్నాడు మామ కళ్లు తుడుచుకుంటూ. "వీనికి కాగితం అక్కర్లే, మీసం అక్కర్లే."

కొమ్ములకు వేసే తెల్ల రంగు డబ్బా తెప్పించి, తన వేలితో చాంద్ నుదుట మళ్లీ గుండ్రంగా చందమామను దిద్దాడు. సాయం చేద్దామని నేను ఒక అడుగు వేశాను.

"నువ్వు జరుగు బిడ్డా," అన్నాడు, ఎంతో ప్రేమగా. "రంగు డబ్బా ఉన్నకాడికి రాకు."

ఆ సాయంత్రం తెల్ల మీసంతో మామ, తెల్ల మచ్చతో చాంద్ గల్లీ ముందు నడిచారు. మామ ఆ తర్వాత మీసానికి రంగు వెయ్యడం మానేశాడు. డాక్టరమ్మ రాసిన సర్టిఫికెట్‌ను లామినేషన్ చేయించి డైరీ గోడకు తగిలించాడు. పాలకు వచ్చినవాళ్లందరూ చదివి, నన్ను చూసి, నా చేతులు చూస్తారు.

అందుకే సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. దున్నపోతుకు గానీ, మనిషికి గానీ, చివరికి గోడకు గానీ ఈ జన్మలో రంగు వెయ్యను. ఎవరి గుర్తునూ మార్చను. ఏ కాగితంలో ఏ మాట కిందా గీత గీయించను. ఈ ప్రమాణం ఆ మరుసటి ఏడాది సదర్ రోజున చాంద్ కొమ్ము మీద చెయ్యి వేసి మరీ చేశాను.

అయితే ముందు మామ నా రెండు చేతులూ అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ తర్వాతే కొమ్ము ముట్టనిచ్చాడు.