ధనశ్రీ రంగు

వినుకొండలో ఫొటో స్టూడియో నడిపే గోపాలకృష్ణ ప్రతి సోమవారం కిటికీ మూసి, రంగులు సరిచూసే పరికరాన్ని మానిటర్‌ మీద వేలాడదీసి, అది పని ముగించేదాకా చేతులు కట్టుకుని నిలబడతాడు. రెండేళ్ల క్రితం మానిటర్ మసకబారినా పట్టించుకోలేదు. అప్పుడే ఒకావిడ, చనిపోయిన తన కూతురు ధనశ్రీ ఫొటోను దండ వేయడానికి పెద్దది చేయమంటే, అందరికీ చేసినట్టే ముఖం తెల్లగా చేసి, ఆ మసక తెరలో అది ఎక్కువైందని తెలియక, అసలు ఫొటో మీదే సేవ్ చేశాడు; అసలుది పోయింది.

"మా పిల్ల మిరపచేలో ఎండకి కాలిన నల్లపిల్లండీ. ఈవిడెవరు?" అంది తల్లి సామ్రాజ్యం. ఉన్నది ఆ ఒక్క ఫొటోనే.

అప్పట్నుంచి మానిటర్ సరిచేసిన ప్రతిసారీ ఆ ముఖానికి కాస్త నలుపు కలిపి ఆవిడకి చూపిస్తాడు. "ఇంకా కాదండీ," అని వెళ్లిపోతుంది.

ఈ సోమవారం చాలాసేపు చూసింది.

"ఇదేనా అమ్మా?"

"ఏమోనండీ," అంది కళ్లు తుడుచుకుని, "నాకూ గుర్తు రావట్లేదు."