చెవిదిద్దు కింది పుట్టుమచ్చ

మొన్న మా కోడలు ఆధార్ కార్డులో ఇంటిపేరు మార్పించుకోవడానికి వెళ్తూ, పనిలో పనిగా నా వేలిముద్రలు కూడా కొత్తగా వేయిద్దామని నన్నూ కొవ్వూరు ఆధార్ కేంద్రానికి వెంటబెట్టుకెళ్లింది. తన పని చిటికెలో అయిపోయింది. నా వంతు వచ్చేసరికి, ఎన్నిసార్లు నొక్కినా మిషను నా వేళ్లను గుర్తుపట్టదే! "మీరు మీరేనాండీ, మామ్మగారూ?" అని అక్కడి అమ్మాయి నవ్వుతూ అడిగింది. ఆ ప్రశ్న నన్ను ఇదివరకు ఒకసారి అడిగారు, అప్పుడు ఎవరూ నవ్వలేదు.

మా పుట్టిల్లు పెనుగొండ. అక్కడి వర్తకుల ఇళ్లల్లో ఆడపిల్లకు అమ్మవారి పేరు పెట్టడం మామూలే కాబట్టి నాన్నగారు నాకు పరమేశ్వరి అని పెట్టుకున్నారు. కొవ్వూరు సంబంధం ఖాయమయ్యాక తెలిసింది, కాబోయే అత్తగారి పేరూ అదేనని. కన్నతల్లి పేరుతో పెళ్లాన్ని ఎలా పిలుస్తాడు పాపం! అందుకని పెళ్లిపీటల మీదే నన్ను లలితను చేసేశారు. ప్రతిదీ పద్ధతిగా జరగాలనే మనిషి మా మామగారు, గెజిట్‌లో వేయించి మరీ రేషన్ కార్డులో లలిత అని ఎక్కించారు. నా పదో తరగతి సర్టిఫికెట్ మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. కోడలి చదువుతో ఏనాడో పనిపడుతుందని ఎవరనుకుంటారు?

పనిపడింది. మావారి కొట్టు మూతపడి ఇల్లు గడవడమే గగనమైన రోజుల్లో, రాజమండ్రిలో ఒక ఆఫీసులో నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చింది. తీరా చేరబోతే, అక్కడి అధికారి సర్టిఫికెట్ ఒకరిది, మనిషి ఇంకొకరు అన్నాడు. గెజిట్ చూపిస్తే, పేరు మారడం నిజమే కావచ్చు, ఆ మారిన మనిషివి నువ్వేనని రుజువేంటన్నాడు. మొగుడి మాట చెల్లదట, పెద్దవాళ్లెవరైనా రావాలట, లేకపోతే పోలీసులకు అప్పగిస్తాడట. పుట్టింట్లో అప్పటికే ఎవరూ మిగల్లేదు, మామగారూ పోయారు, ఉన్నది అత్తగారొక్కరే. బస్సు బ్రిడ్జి మీదుగా వెనక్కి వస్తుంటే, ఒకరి సర్టిఫికెట్‌తో ఇంకొకరు ఉద్యోగంలో చేరి జైలుకు పోయారని విన్న కథలన్నీ గుర్తొచ్చి, కింద గోదావరి వైపు చూడటానికి కూడా భయమేసింది.

మర్నాడు అత్తగారిని తీసుకెళ్లాను. అధికారి నా సర్టిఫికెట్ పైకెత్తి, "పరమేశ్వరి ఎవరు?" అని గట్టిగా అడిగాడు.

"ఆయ్, నేనేనండి," అన్నారు అత్తగారు. పుట్టినప్పటి నుంచి పలుకుతున్న పేరాయె, ఇంకేమంటారు!

"అయితే ఈ సర్టిఫికెట్ మీదన్నమాట. కోడలికిచ్చి పంపించారా?" అని అతను కళ్లెర్రజేశాడు. ఉద్యోగం పోతే పోయింది, పెద్దావిడను కూడా జైలుపాలు చేస్తున్నాననుకున్నాను. అతను సర్టిఫికెట్‌లోని పుట్టుమచ్చలు పైకి చదివాడు. ఒకటి మోకాలి మీద. మగవాళ్ల ముందు ఎలా చూపిస్తాను? రెండోది ఎడమ చెవి తమ్మె మీద. నా చెవి వంక చూసి, మచ్చ లేదన్నాడు.

పెళ్లిలో అత్తగారు పెట్టిన రాళ్ల దిద్దు దాన్ని కప్పేసిందన్న సంగతి, ఆ భయంలో నాకే తోచలేదు. ఆవిడ నా దగ్గరికొచ్చి, నా తల పక్కకు వంచి, ఏళ్ల తరబడి బిగిసిపోయిన దిద్దు మరను బలమంతా పెట్టి తిప్పి ఊడదీశారు.

"చూడండి బాబూ, ఇదిగోనండి మచ్చ. దీని పేరూ పరమేశ్వరేనండి. నా పేరని మేమే తీయించేశామండి. పిల్ల తప్పేం లేదండి."

అతను వంగి చూసి సంతకం పెట్టాడు. బయటికొచ్చాక ఆవిడే దిద్దు తిరిగి పెడుతూ, "పరమేశ్వరీ, ఏడవకే," అన్నారు. ఆ ఇంట్లో అడుగుపెట్టాక నన్ను ఆ పేరుతో పిలిచింది ఆవిడొక్కరే, అదీ ఆ ఒక్కసారే.

మొన్న చివరికి కంటిపాపను చూసి మిషను నన్ను ఒప్పుకుంది. అత్తగారు పోయి ఏళ్లయింది. ఇప్పుడు ఎవరినీ సాక్ష్యానికి తీసుకెళ్లక్కర్లేదు, ఫోనుకో నంబరు వస్తే చాలు, మంచిదే. కానీ అది ఒప్పుకునేలోపే నా చెయ్యి దానంతటదే ఎడమ చెవి మీదికి పోయింది. అరిగిన వేళ్లకు దిద్దు మర తిరగలేదు. పక్కకు చూశాను, తిప్పిపెట్టే మనిషి కోసం.