కుట్టు అంచున నలుపు

పుండు కడిగే బెటాడిన్ వాసన తగిలితే ఇప్పటికీ నా చెయ్యి పొట్ట మీది మచ్చ దగ్గరికి పోతుంది. మొన్న మా అమ్మాయి వేలు తెగితే కట్టు కడుతున్నప్పుడూ అంతే అయింది. తెనాలిలో సుగుణ డాక్టరుగారికి నేనొక మాట చెప్పకుండా దాచాను. దానివల్ల ఆవిడ మీద పడ్డ నింద తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను రేపల్లెలో బడిపంతులిని. బరువు తగ్గాక పొట్ట మీది చర్మం వేలాడేది. చొక్కా టక్ చేసుకోవాలంటే సిగ్గు. అది తీయించుకుందామని వెళ్తే, చూడగానే డాక్టరుగారు నవ్వారు. "బియ్యం అయిపోయాయి మాస్టారూ, సంచి మిగిలింది. కోసి కుట్టేద్దాం." వెంటనే నవ్వు ఆపి, "అలవాట్లేమైనా ఉన్నాయా?" అన్నారు.

మా వైపు ఆ మాటకు తాగుడు, సిగరెట్టు అనే అర్థం. పక్కనే నా భార్య రత్నం కూర్చుని ఉంది. చర్చిలో కుర్రాళ్లకు వాటి గురించి బుద్ధులు చెప్పేవాణ్ణి నేను. "అలాంటివేమీ లేవండి" అన్నాను.

"సిగరెట్ కాలిస్తే కుట్టు దగ్గర రక్తం అందక చర్మం చచ్చిపోతుంది, అందుకే అడిగాను" అన్నారావిడ. చాటుగా రోజూ కాలుస్తున్నా, అప్పుడైనా నిజం చెప్పలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికొచ్చాక, రత్నం చర్చికి వెళ్లినప్పుడల్లా పెరట్లో కాల్చాను. కొన్నాళ్లకు కుట్టు అంచు ఊదారంగుకు తిరిగి, తర్వాత నల్లబడింది. చీము పట్టింది. తెనాలి వెళ్లే రైల్లో పొట్ట పట్టుకుని, ఇంకెంత మేర కుళ్లిందోనని భయపడేవాణ్ణి. అంతకంటే, ఆవిడ మళ్లీ అడుగుతారేమోనన్న భయం ఎక్కువ. ఆవిడ అడగలేదు. నా మాట నమ్మారు. చచ్చిన చర్మం తీసేస్తూ, "బిగించి కుట్టానేమో" అని తనలో తనే అనుకునేవారు.

ఒకరోజు మా బావమరిది ఆసుపత్రి వరండాలో అందరి ముందూ అరిచాడు. "ఏంటండీ ఇది? మనిషిని కుట్టారా, గోనె కుట్టారా?"

ఆవిడ గొంతు పెంచలేదు. "నా వల్లే అయ్యుండొచ్చు బాబూ. ముందు పుండు మాననివ్వండి."

లోపల బల్ల మీద పడుకుని నేను అంతా వింటున్నాను.

మానడానికి నెలలు పట్టింది. ఆవిడే స్వయంగా కట్లు మార్చారు. ఇవాళ బడిలో పిల్లవాడు పరీక్ష తప్పితే ముందు నా పాఠాన్నే అనుమానిస్తాను. అది ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. అబద్ధం చెప్పి మరీ నేర్చుకున్నాను.

ఆవిడిప్పుడు బాపట్లలో ఉంటున్నారనీ, నా తర్వాత ఆ ఆపరేషన్ ఇంకెవరికీ చేయలేదనీ ఈమధ్యే తెలిసింది. రత్నానికి నిజం చెప్పాను. ఆమె చెప్పులు వేసుకుని నాతో బాపట్ల బయల్దేరింది.

"ఏం మాస్టారూ, మచ్చ లాగుతోందా?" అన్నారు డాక్టరుగారు, కుర్చీ చూపిస్తూ. నేను కూర్చోలేదు.

"మీరు బిగించి కుట్టలేదండి. నేను సిగరెట్లు కాల్చాను. మీరడిగితే లేదన్నాను. మిమ్మల్ని తిడుతుంటే వింటూ పడుకున్నాను. మీ తప్పేమీ లేదండి. నన్ను క్షమించండి."