మత్తయి తీసుకున్న హారతి

నంద్యాల షెడ్డులో పని నేర్చి ఆళ్లగడ్డలో నిలదొక్కుకున్న మెకానిక్ మత్తయికి, పెట్రోలు ట్యాంకు విప్పిన రోజు మనసు ఒకచోట నిలవదు. ఎనభై మూడులో ఒక శుక్రవారం, శెట్టి చెన్నకేశవులు ఇంటి ముందు, పెట్రోలు ముల్లు కదలని పాత కారుకు బ్యాటరీ వైరు పీకేసి, పెట్రోలంతా తోడేసి, ట్యాంకులోంచి ముల్లును కదిపే ఫ్లోటు బయటికి లాగాడు. మోచేతుల దాకా పెట్రోలే. ఖాళీ ట్యాంకుతోనే భయమెక్కువ, లోపలంతా పెట్రోలు ఆవిరి, చిన్న నిప్పు చాలు పేలడానికి.

అప్పుడే శెట్టి తల్లి వెంకటరమణమ్మ వెలిగించిన కర్పూరంతో గడప దాటింది. శుక్రవారం సందెవేళ బండికి హారతివ్వందే ఆమెకు తోచదు.

"రావద్దమ్మా, ఆడే ఉండు."

"ఏందప్పా, కిరస్తానమోనివని మా దేవుడు గిట్టడా?" అంటూ ఆమె ఇంకా వడిగా వచ్చింది.

మత్తయికి ఒళ్లు మండింది. పళ్లెం లాక్కుందామంటే చేతులే అంటుకుంటాయి. గబగబా వీధి అవతలికి పోయి, చేతులు వెనక్కి దాచుకుని, "ముందు నాకియ్యమ్మా" అని దూరం నుంచే తల వంచాడు. ఆమె మురిసిపోయి అటు తిరిగింది. కర్పూరం బండి దాకా రాకుండా అక్కడే కొండెక్కింది.

ఆదివారం చర్చి నుంచి వస్తూ భార్య లూదియా నిలదీసింది. "శెట్టోళ్ల హారతికి తల వంచినావంట, నిజమేనా?"

"వంచకుంటే ఈపొద్దు తలే ఉండేది కాదు" అన్నాడు మత్తయి.