ఆ పాస్‌లు వదిలేసింది నేనే అన్న మా నరేశన్న

నిన్న పొద్దున ప్రాక్టీస్‌కి షూస్ వేసుకుంటుంటే టీమ్ గ్రూప్‌లో మెసేజ్.

నరేశన్న ఇక లేడు అని.

ఏ నరేశన్న అని టైప్ చేశాను. మాకున్నది ఒక్క నరేశన్నే. అయినా అడిగాను.

గుండెపోటట. స్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీ చివరికొచ్చాడు. ఇంకొన్నాళ్లుంటే డాక్టర్ నరేశ్ అని పిలిచి ఏడిపిద్దామనుకున్నాం.

మెట్టుగూడలో వాళ్ల అక్క ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వేనా బిడ్డా, ఉరికే పిల్లవు? అందరు నీకు ఉరుకుడే వస్తదంటరంట. మా నరేశ్ ఒక్కడే, కాదమ్మా, ఆమె ఇసురుడు జూడాలె అనెటోడు."

ఆ మాట ఎక్కడ మొదలైందో అక్కడ చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మేం ఆడేది ఫ్లాగ్ ఫుట్‌బాల్. అమెరికన్ ఫుట్‌బాలే, కానీ ఒకరి మీద ఒకరు పడి కుమ్ముకోవడం ఉండదు. నడుముకి కట్టుకున్న రిబ్బన్ లాగేస్తే ఆట ఆగుతుంది. క్యాంపస్ గ్రౌండ్‌లో అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసే ఆడతాం.

నేను క్వార్టర్‌బ్యాక్‌ని. బంతి ముందు నా చేతికే వస్తుంది. దాన్ని విసరాలా, పట్టుకుని పరుగెత్తాలా అన్నది నా ఇష్టం.

నేను ఎక్కువగా పరుగెత్తేదాన్ని.

కడప నుంచి వచ్చి, అడిక్‌మెట్ హాస్టల్ గదిలో ఊపిరాడక ఈ ఆటలో చేరాను. కాళ్లు బాగా పనిచేశాయి. దాంతో పేరు పడిపోయింది. ఈమెకి కాళ్లున్నాయి, చెయ్యి లేదు అని.

మా కెప్టెన్ సందీప్ చెడ్డవాడేం కాదు. లెక్క చూశాడంతే. నేను విసిరినవాటిలో మావాళ్లకి దొరికినవి తక్కువ. మా టీమ్‌లోనే ఉన్న ఇంకో క్వార్టర్‌బ్యాక్‌వి ఎక్కువ. టోర్నమెంట్‌కి ముందు తార్నాకలో ఇరానీ హోటల్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పేశాడు.

"నువ్వు రన్నింగ్‌కి పో. పాసింగ్ నీతోని కాదు."

ఈ ఊళ్లో నా మాట చెల్లేది బంతి చేతిలో ఉన్న ఆ కాసేపే. అది కూడా పోతోందని అర్థమై చాయ్ కప్పు వైపు చూస్తూ కూర్చున్నాను.

నరేశన్న అప్పుడు మా రిసీవర్. అంటే నేను విసిరితే పట్టాల్సిన మనిషి. స్టాండ్‌కి ఫోన్ పెట్టి ప్రతి మ్యాచ్ వీడియో తీసే పిచ్చి కూడా ఆయనకే ఉండేది.

మెల్లగా ల్యాప్‌టాప్ తెరిచాడు.

"ఆగు సందీప్. దొరకని పాస్‌లన్నీ ఒక్క కుప్ప జేసినవ్. జర విడదీద్దాం."

ఒక్కో క్లిప్ వేశాడు. ఎవరూ ఖాళీగా లేక నేను కావాలనే బయటికి విసిరేసినవి ఒక పక్కన పెట్టాడు. ఇంకో క్వార్టర్‌బ్యాక్ దగ్గర్లో ఉన్నవాళ్లకి నిలబడి అందిస్తున్నాడు, ఈమె పరుగెత్తుతూ గ్రౌండ్ అవతలి మూలకి విసురుతోంది, రెండింటికీ ఒకే మార్కులెట్లా వేస్తావని అడిగాడు.

ఇక మిగిలినవి, నేను సరిగ్గానే విసిరితే చేతికి తగిలి కిందపడినవి.

వాటిలో దాదాపు ప్రతి క్లిప్‌లోనూ ఒకే మనిషి. నరేశన్న.

"గివన్నీ నువ్వేనా అన్నా?" అన్నాడు సందీప్.

"నేనే. గవి నేను పట్టుకుంటే ఈ పిల్ల లెక్క ఇట్ల ఉండకపోతుండె. ఆమె చెయ్యి మంచిగనే ఉన్నది. మార్చాల్నంటే నన్ను మార్చు."

ఇంకో చాయ్ చెప్పినంత మామూలుగా అన్నాడు. ఆయనకి ఆ ఆటంటే ప్రాణం. గ్లవ్స్ కొత్తవి కొనుక్కుని అప్పటికి వారం కూడా కాలేదు.

అలాగని నన్ను పొగిడి వదిలేశాడనుకోకండి. మెట్రో స్టేషన్ దాకా నడుస్తూ నా సంగతీ తేల్చాడు.

"ఏమనుకోకు. కుడి దిక్కు ఉరుక్కుంట మస్తు ఇసురుతవ్. ఎడమ దిక్కు పోతే ఇసరవ్. బంతి పట్టుకొని ఉరుకుడే."

"ఎడమకి నాకు రాదులే అన్నా."

"రాదని లెక్క చెప్తలేదు. నువ్వు ఇసర్తనే లేవని చెప్తున్నది. ఇసిరితే గద తెలిసేది."

ఆ టోర్నమెంట్ మేం ఓడిపోయాం, అది వేరే సంగతి. క్వార్టర్‌బ్యాక్‌ని మాత్రం నేనే. నరేశన్న లైన్ బయట నిలబడి ఫోన్ పట్టుకుని వీడియో తీశాడు.

ఆ తర్వాత ప్రతి ప్రాక్టీస్ అయ్యాక ఎడమ మూలకి వెళ్లి నిలబడేవాడు. నేను పరుగెత్తుతూ విసిరేదాన్ని. ఆయన వదిలేసేవాడు. చేతులకి సబ్బు రాసుకొచ్చావా అన్నా అంటే నవ్వుతూ బంతి తేవడానికి వెళ్లేవాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

మొన్న ఆదివారం ఒక మనిషి తక్కువైతే సందీప్ ఆయన్నే రమ్మన్నాడు. ఫోన్ బ్యాగులో పెట్టి దిగాడు.

నేను ఎడమకి పరుగెడుతున్నాను. నా రిబ్బన్ మీద చెయ్యి పడబోతోంది. దూరంగా మూలన నరేశన్న చెయ్యెత్తి కనిపించాడు. విసిరేశాను.

పట్టాడు. బంతిని గుండెకి అదుముకుని అక్కడే చతికిలపడ్డాడు.

"రాసుకోండ్రి," అని కేకేశాడు.

ఆ పాస్‌కి వీడియో లేదు. వీడియో తీసే మనిషే పట్టాడు కదా.

అన్నా, అది నీ లెక్కల్లో నా పేరు కింద ఎక్కలేదు. నీ పేరు కిందా ఎక్కలేదు. కానీ నేను చూశాను. ఎడమకి విసిరాను, నువ్వు పట్టావు.

ఇక బంతి కోసం నువ్వు మూలదాకా వెళ్లక్కర్లేదు. హాయిగా కూర్చో అన్నా. నీ మనసుకి నెమ్మది దొరకాలి.